రెండో ప్రతి లేదు

ఆ రోజు ఉదయం రికార్డుగారు వేసుకున్న పథకం అరటిపండు ఒలిచినంత సులువుగా ఉంది. ఎనిమిదింటికి కాఫీ తాగాలి. ఎనిమిదిన్నరకు పెట్టెలో ఉన్న పుస్తకాన్ని ఫోనులోకి ఎక్కించాలి. తొమ్మిదికి ఆ ఫోనులోంచి ప్రచురణ సంస్థకు పంపాలి. ఆ తరువాత ఎండ తగిలే కిటికీ దగ్గర కూర్చుని గోళ్ళు తీసుకోవాలి. ఈ నాలుగింటిలోకీ ఎక్కువసేపు పట్టేది గోళ్ళేనని ఆయన గట్టి నమ్మకం.

ముప్పై ఒక్క ఏళ్ళు ఒక ఆఫీసు రికార్డు గదిలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు కాబట్టి ఆ మేడలో అందరికీ ఆయన రికార్డుగారు. పెట్టె అంటే ఆయన కంప్యూటరు. చేత్తో పట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చని దాన్ని తయారుచేసినవాళ్ళు రాశారు గాని, ఎవరి చేత్తోనో రాయలేదు. బరువు తొమ్మిది కిలోలు. మూత తీస్తే పోస్టుకార్డుకన్నా కాస్త పెద్దదైన తెర, దానిమీద పసుప్పచ్చ అక్షరాలు. బ్యాటరీ చచ్చి పదిహేనేళ్ళయింది. దానికి జతగా ఉన్న ప్రింటరు అంతకు ముందే పోయింది. ఆఫీసువాళ్ళు పాత సామాను వదిలించుకుంటున్న రోజున ఆయన దీన్ని రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నారు. "ఇది ప్రపంచంలో దేనితోనూ కలవదు. కలవదు కనుకనే దీనికి ఎవరి జబ్బూ అంటదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు.

ఆ పెట్టెలో ఉన్నది మాత్రం ఆయన పుస్తకం కాదు, భార్యది. ఆవిడ కుట్టు టీచరు. ముప్పై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళకు గుడ్డ కత్తిరించడం, కుట్టడం నేర్పుతోంది. తనకు తెలిసినదంతా ఒక పుస్తకంగా రావాలని ఆవిడ కోరిక. పదేళ్ళపాటు సాయంత్రం సాయంత్రం ఆవిడ చెబుతూంటే ఆయన టైపు చేశారు. ఇరవై ఒక్క అధ్యాయాలు. పేరు 'కత్తెర పెట్టే ముందు'. ఆవిడ దగ్గర కుట్టు నేర్చుకున్న అమ్మాయే ఇప్పుడొక ప్రచురణ సంస్థలో ఎడిటరు. పుస్తకం వేస్తామంది, గడువు కూడా పెట్టింది. ఆ గడువు ఇవాళే.

కుట్టు టీచరు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ మరోసారి చెప్పింది. "ఏమండీ, ఐదు దాటకూడదు. దాటితే ఈసారి అచ్చులో మన చోటు వేరే పుస్తకానికి ఇచ్చేస్తారట. మళ్ళీ ఎప్పుడో వాళ్ళే చెప్పలేరట."

"ఐదేమిటి, తొమ్మిదికే వెళ్ళిపోతుంది."

"మీవల్ల కాదంటే ఇప్పుడే చెప్పండి. ఇవాళ పిల్లలకి పరీక్ష ఉంది, అయినా మానేస్తాను."

"ఒక కాయితాన్ని ఇక్కణ్ణుంచి అక్కడికి పంపడం ఎలాగో నాకు చెప్తున్నావా? ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేసింది అదేగా!"

ఆవిడ మెడలో కొలత టేపు సర్దుకుని, గదిలోపలున్న పెట్టె వైపు ఒకసారి చూసి మెట్లు దిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని ఏదీ రెండోసారి అడిగిన మనిషి కాదు. ఇది మాత్రం రాత్రి ఒకసారి, పొద్దున్న ఒకసారి అడిగింది. ఆ సంగతి తలచుకుంటే రికార్డుగారికి ఛాతీ కాస్త విచ్చుకుంది కూడా. ఎవరూ ఆటంకం కలిగించకూడదని తన బొత్తాల ఫోను ఆపేసి సొరుగులో పడేశారు. ఆ ఫోనుకు ఫైళ్ళు అందుకునే తాహతు ఎలాగూ లేదు. తాహతున్న ఫోను కోసం బావమరిదిని ముందే రమ్మన్నారు.

ఎనిమిదిన్నరకు రావలసిన బావమరిది పదింబావుకు వచ్చాడు. అతనికి వాడేసిన కుర్చీలు, సోఫాలు కొని అమ్మే దుకాణం ఉంది. తెలియని విషయం లేదు, పూర్తిగా తెలిసిన విషయమూ లేదు. పెట్టె వెనక్కి తొంగిచూసి, అక్కడున్న తొమ్మిది సూదుల సాకెట్టును వేలితో తడిమి, "ఇదా! ఇది చిటికెలో పని బావా" అన్నాడు. చిటికె వేసి బయటికి వెళ్ళినవాడు పదకొండున్నరకు తిరిగి వచ్చాడు. చేతిలో ఒక లావుపాటి కేబులు, దాని కొసకు తగిలించే దిమ్మ ఒకటి, ఆ దిమ్మకు తగిలించే పిలక ఒకటి, ఆ పిలకను ఫోనులో దూర్చడానికి మరో బుల్లి ముక్క ఉన్నాయి. ఒకదానికొకటి తగిలిస్తే రైలు పెట్టెల్లా బారెడయ్యాయి.

"ఇక్కడ సిగ్నలు లేదు బావా. ముందుగదిలోకి మారుద్దాం."

"కేబులు మీద వెళ్ళేదానికి సిగ్నలెందుకురా?"

"ఉంటే మంచిదే కదా!"

కాదనడానికి రికార్డుగారికి కారణం కనబడలేదు. పదేళ్ళు కదలని పెట్టెను ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ముందుగదిలో బల్ల మీదికి చేర్చారు. అక్కడ కరెంటు సాకెట్టు బల్ల కింద గోడకు ఉంది, వదులుగా ఉంది. ప్లగ్గు పెడితే రెండు నిమిషాలు నిలబడి మూడో నిమిషంలో తల వాల్చేస్తోంది. కాయితం మడిచి దూర్చారు, అగ్గిపుల్ల పెట్టారు, లాభం లేకపోయింది. చివరికి ఎవరో ఒకరు బల్ల కింద పడుకుని ప్లగ్గును చేత్తో నొక్కిపట్టాలని తేలింది. ఫోను వైపు సంగతి ఇంకా బాగుంది. ఆ బుల్లి ముక్క ఒకే ఒక వాలులో పట్టుకుంటే సంబంధం కలుస్తోంది, చెయ్యి ఏమాత్రం కదిలినా తెగుతోంది. ఫోను ఎవరిదో వాళ్ళే దాన్ని పట్టుకోవాలన్నాడు బావమరిది. అలా బల్ల కింది ఉద్యోగం రికార్డుగారికి దక్కింది.

కింద దూరే ముందు ఆయన చెయ్యవలసింది ఒకటుంది. పంపించే ప్రోగ్రాము తెర మీద ప్రశ్న వేసి కూర్చుంది. పంపిన ఫైలును ఇక్కడ కూడా ఉంచాలా, లేక పంపిన వెంటనే ఇక్కణ్ణుంచి తీసేయాలా?

ఇంకొకరైతే ఉంచమనేవారు. రికార్డుగారు అలా అనలేరు. ఆయన రికార్డు గదికి ఒకటే శాసనం: ఒక ఫైలు ఒకేసారి రెండు చోట్ల ఉండరాదు. ఆయన చేరకముందు ఒక ఉద్యోగి రిటైర్మెంటు ఫైలుకు రెండో ప్రతి ఉండిపోయి, ఆ మనిషికి ఒకే నెలలో రెండు వీడ్కోలు సభలు జరిగాయట. రెండో సభలో మొదటి సభకన్నా ఎక్కువ ఏడ్చాడట. అలాంటి అప్రతిష్ట తన హయాంలో జరగనివ్వలేదు. ఫైలు వెళ్ళిందంటే దాని చోటు ఖాళీగా ఉండాలి. ఖాళీ ఉంటేనే వెళ్ళినట్టు రుజువు. ఆయన క్షణం కూడా ఆలోచించకుండా 'తీసేయి' అన్నదాని మీద నొక్కారు.

"ఏం నొక్కావు బావా?" అన్నాడు బావమరిది, కేబులు మీదినుంచి చూపు తిప్పకుండా.

"పద్ధతి ప్రకారం ఏది నొక్కాలో అదే."

పదకొండూ యాభైకి పని మొదలైంది. మొత్తం రెండు గంటల పది నిమిషాలు పడుతుందని తెర మీద లెక్క కనబడింది. రికార్డుగారు బల్ల కింద వెల్లకిలా పడుకుని, చెయ్యి చాచి ప్లగ్గును నొక్కిపట్టారు. ఆయన కాళ్ళు మోకాళ్ళ దాకా బయటికి వచ్చాయి. అక్కణ్ణుంచి తల కాస్త వంచితే, బల్ల చెక్కల సందులోంచి పెట్టె తెర ఒక మూల కనబడుతోంది. పంపుతున్న పుస్తకం ఒక్కొక్క పంక్తిగా అందులో పైకి పాకుతోంది. చదువుతున్నకొద్దీ ఆయనకు మనసు నిండిపోయింది.

ఆ పుస్తకంలో ఆయన చేతి పని తక్కువేమీ కాదు మరి. ఆవిడకు చెప్పడం వచ్చు గాని పద్ధతిగా చెప్పడం రాదని ఆయన ఉద్దేశం. 'గుడ్డ మీద చెయ్యివేసి చూడండి, ఎటు సాగుతుందో అదే చెబుతుంది' అని ఆవిడ అంటే, ఆయన ఇలా టైపు చేశారు: 'విషయము: వస్త్రము యొక్క సాగుదల. పై విషయమునకు సంబంధించి, వస్త్రమును హస్తముతో స్పర్శించి, సాగు దిశను నిర్ధారించుకొనవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది.' 'చంక బిగిస్తే చెయ్యి లేవదు, చెయ్యి లేవని చొక్కా ఎందుకు?' అని ఆవిడ నవ్వుతూ చెప్పినది, 'చంక భాగమున బిగుతు సంభవించిన యెడల హస్తచలనమునకు అంతరాయము కలుగునని గమనించగలరు' అని నవ్వు లేకుండా నిలబడింది. కిందటి నెల ఎడిటరమ్మాయి ఇంటికి వచ్చి మొదటి అధ్యాయం తెర మీదే చదివింది. చదివి చాలాసేపు మాట్లాడలేదు. "పంపండి టీచర్, చూద్దాం" అని మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయికి నోట మాట రాలేదని రికార్డుగారు పదిమందితో చెప్పుకున్నారు.

మొదటి అధ్యాయం పన్నెండు కాకుండానే వెళ్ళిపోయింది. పన్నెండుంబావుకు ఫోను గిలగిల్లాడింది.

"ఎవర్రా?"

"సోఫా కోసం బావా. ఒక సోఫా ఊరికే ఇస్తాను, వచ్చి మోసుకుపోండి అని ప్రకటన పెట్టా. పొద్దుట్నుంచీ ఇదే గోల."

"ఎత్తకు. ఎత్తితే తెగిపోతుంది."

"నాకు తెలీదా? కట్ చేస్తున్నా."

ఫోన్లు ఆపేసే ఏర్పాటు ఏదో దానిలోనే ఉంటుందని ఇద్దరికీ తెలుసు. అది పెడితే కేబులు కూడా ఆగుతుందేమోనని ఇద్దరికీ భయం. కాబట్టి బావమరిది కుడిచేత్తో బుల్లి ముక్కను ఆ ఒక్క వాలులో బిగబట్టి, చూపు దానిమీదే నిలిపి, ఎడమచేతి బొటనవేలితో వచ్చిన ప్రతి పిలుపునూ గుడ్డిగా నరికేస్తూ నిలబడ్డాడు. ఊరికే ఇచ్చే సోఫాకు ఉన్న గిరాకీ డబ్బిచ్చి కొనే సోఫాకు ఉండదని ఆ రోజు అతనికి తెలిసివచ్చింది. మధ్యాహ్నం రెండు కావచ్చేసరికి ఇరవై దాకా నరికాడు. వాటిలో తొమ్మిది అతని అక్క చేసినవి.

కుట్టు టీచరు మొదటిసారి చేసింది 'అయిందా?' అని అడగడానికి మాత్రమే. భర్త ఫోను పలకలేదు. తమ్ముడి ఫోను మోగి తెగింది. మళ్ళీ చేసింది, మళ్ళీ తెగింది. ఎత్తకపోతే పనిలో ఉన్నాడనుకోవచ్చు. మోగిన ప్రతిసారీ తెగితే ఏమనుకోవాలి? పరీక్షలో ఉన్న పిల్లల చేతుల్లో కత్తెరలు చూస్తూ ఆవిడ ఊహ ఎక్కడెక్కడికో పోయింది. తొమ్మిదోసారీ తెగింది. కింది వాటాలో ఉండే రిటైర్డు నర్సుగారికి ఫోను చేసింది.

"నర్సమ్మగారూ, ఒక్కసారి మా ఇంట్లోకి తొంగిచూస్తారా? ఇద్దరూ పలకడంలేదు. పొద్దున్నించీ ఆ పాత కంప్యూటరు, కరెంటు తీగెలు ముందేసుకుని కూర్చుని ఉంటారు. నాకెందుకో భయంగా ఉందండీ."

నర్సమ్మగారు చేసిన సర్వీసు ముప్పై అయిదేళ్ళు. భయపడ్డం ఆవిడ వృత్తిలో లేదు. తొందరపడ్డం ఉంది. రెండేసి మెట్ల చొప్పున ఎక్కివచ్చారు. తలుపు తీసే ఉంది. ముందుగదిలో బల్ల కిందనుంచి రెండు కాళ్ళు చాచుకుని ఉన్నాయి. కదలడంలేదు. బల్ల పక్కన టీచరుగారి తమ్ముడు కొయ్యబారి నిలబడి ఉన్నాడు. చేతిలో తీగ ఉంది, పళ్ళు బిగపట్టి ఉన్నాయి, నుదుటి మీద చెమటలు కారుతున్నాయి. చెయ్యి సన్నగా వణుకుతోంది.

"అయ్యో, ఏమైందయ్యా?" అన్నారు నర్సమ్మగారు.

బావమరిది పెదవులు కదపకుండా, గొంతులోంచి అన్నాడు. "ముట్టుకోకండి!"

ఆవిడకు ఇంకొక మాట అక్కరలేదు. కరెంటు పట్టుకున్న మనిషిని ముట్టుకోకూడదు, ముందు మెయిన్ ఆపాలి. వందమంది కొత్త నర్సులకు ఆవిడే నేర్పిన పాఠం అది. గుమ్మం పక్కన గోడకున్న డబ్బా తెరిచి, పెద్ద మీట పట్టుకుని, ఒక్క లాగు లాగారు.

ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. పసుప్పచ్చ తెర మధ్యలోకి కుంచించుకుపోయి, చుక్కై, ఆ చుక్క కూడా ఆరిపోయింది. అప్పటికి ఇరవై అధ్యాయాలు వెళ్ళాయి, ఇరవై ఒకటోది వెళుతోంది. ఇంకా నాలుగు నిమిషాల పని ఉంది.

"ఎవరది? ఎవరాపారు?" అంటూ బల్ల కిందనుంచి లేవబోయిన రికార్డుగారి తల బల్లకు ఠంగున తగిలింది.

"బతికే ఉన్నారా! నేనండీ, నేనే ఆపాను. సమయానికొచ్చాను" అన్నారు నర్సమ్మగారు ఆయాసపడుతూ, సంతోషంగా.

కంగారులో బావమరిది మళ్ళీ మీట పైకెత్తాడు. పెట్టెలోంచి టప్పుమని ఒక శబ్దం వచ్చింది. వెనకవైపు నుంచి సన్నటి పొగ లేచి కిటికీ వైపు సాగింది. కాలిన రబ్బరు వాసన గదంతా పట్టుకుంది. రికార్డుగారు పెట్టె మీట నొక్కారు, మూత తట్టారు, పేరు లేని దేవుళ్ళందరికీ మొక్కారు. పెట్టె పలకలేదు.

"పోతే పోయిందిలే బావా. పుస్తకం ఇటు వచ్చేసింది కదా! ఇరవై వచ్చాయి. చివరిదొక్కటీ అక్కని మళ్ళీ చెప్పమందాం" అన్నాడు బావమరిది.

ఆ మాటకు రికార్డుగారికి పోయిన ప్రాణం లేచివచ్చింది. "చూపించు, చూపించు" అన్నారు.

బావమరిది ఫోను చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అతని మొహంలో రంగు మెల్లమెల్లగా దిగిపోయింది.

"ఏమైందిరా?"

"కరెంటు పోగానే ఇది ఏదో అడిగింది బావా. సంబంధం తెగింది, సగంలో ఉన్నది చెరిపేయమంటారా అని."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను."

"ఎందుకన్నావురా!"

"ఫోను ఏమడిగినా నేను అవుననే అంటాను బావా. కాదంటే అది పనిచెయ్యదు. ఇరవై వచ్చినా ఇరవై ఒకటోది రాకపోతే దానికి అంతా సగమేనట, నాకేం తెలుసు? అయినా కంగారెందుకు, నీ పెట్టెలో కాపీ ఉంటుంది కదా! దాన్ని విప్పదీసి ఎవరిచేతనైనా..."

రికార్డుగారు గొంతులో వెలక్కాయ పడ్డట్టు చూశారు. "ఉండదు" అన్నారు.

"ఏం?"

"తీసేయమన్నాను. ఒక్కొక్క అధ్యాయం వెళ్ళగానే ఇక్కణ్ణుంచి తీసేసింది. ఉన్న ఆ చివరిదీ ఇదిగో, ఇలా కాలిపోయింది."

బావమరిది నోరు తెరిచాడు. ఏదైనా తెలుసునని చెప్పడానికి ఆ రోజు మొదటిసారి అతనికి ఏమీ దొరకలేదు. నర్సమ్మగారికి సంగతి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆవిడ కుర్చీలో కూలబడిపోయారు. "నేను మంచికే చేశానండీ" అని రెండుసార్లు అన్నారు. ఆవిణ్ణి అనడానికేముంది? మనుషులు బతకాలని ఆపింది ఆవిడ. పద్ధతి బతకాలని చంపుకున్నది తాను.

అప్పుడు టైము రెండు. పిల్లల పరీక్ష మధ్యలో వదిలి కుట్టు టీచరు బయల్దేరిందని నర్సమ్మగారు ఫోనులో విని చెప్పారు. ఆవిడ వచ్చేలోగా గుర్తున్నంతవరకూ రాసి పెడదామని రికార్డుగారు కాయితాలు ముందేసుకున్నారు. పదేళ్ళు టైపు చేసిన మనిషికి పది పేజీలైనా గుర్తుండవా? కళ్ళు మూసుకున్నారు. 'పై విషయమునకు సంబంధించి' అన్నది గుర్తుకొచ్చింది. 'ఇందుమూలముగా తెలియజేయడమైనది' గుర్తుకొచ్చింది. 'గమనించగలరు', 'తదుపరి చర్య నిమిత్తము', 'జతపరచడమైనది', అన్నీ పొల్లుపోకుండా వరుసగా వచ్చాయి. భుజానికి ఎంత విడవాలి? రాలేదు. మెడ గుండ్రం ఎక్కడ మొదలుపెట్టాలి? రాలేదు. కుట్టులోకి పోయే గుడ్డకు ఎన్ని వేళ్ళు వదలాలని చెప్పింది? రెండా, మూడా? అదీ రాలేదు.

ఆయన కలం కింద పెట్టేశారు. ఆ పుస్తకంలో తాను పెట్టిన ప్రతి మాటా తనకు గుర్తుంది. ఆవిడ చెప్పినది ఒక్కటీ గుర్తులేదు. పదేళ్ళు పక్కనే కూర్చుని చెప్పిన మనిషి మాట తాను వినలేదా? పుస్తకం పోయిందన్నదానికన్నా ఇదే ఎక్కువ బాధించింది.

మూడింటికి కుట్టు టీచరు రొప్పుతూ వచ్చింది. గుమ్మంలోనే ఆగి ముందు భర్తను చూసింది, తరువాత తమ్ముణ్ణి చూసింది. ఇద్దరికీ కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాక గోడకు ఆనుకుంది.

"తొమ్మిదిసార్లు చేశానురా! ఎందుకు కట్ చేశావు?"

"సోఫా అనుకున్నానక్కా."

రికార్డుగారు లేచి నిలబడ్డారు. పై అధికారి ముందు కూడా ఆయన అలా ఎప్పుడూ నిలబడలేదు. "నీ పుస్తకం పోయింది" అన్నారు. కర్ర విరగకుండా పాము చావకుండా చెప్పడానికి గంటనుంచీ కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోట రాలేదు.

ఆవిడ కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది. "అంతానా?"

"అంతా."

"ఫోనులో?"

"లేదు."

"ఆ పెట్టెలో?"

"లేదు. నేనే తీసేయమన్నాను." ఆయన ఒక అడుగు ముందుకు వేశారు. "నన్ను ఏమన్నా అనవే. ఏదో ఒకటి అను."

ఆవిడ మిషను మీద చెయ్యి వేసింది. తరువాత తన ఫోను తీసి ఎడిటరమ్మాయికి చేసింది, అందరికీ వినబడేటట్టు పెట్టింది. ఆ అమ్మాయిని బతిమాలుకోవడానికి చేస్తోందనుకుని రికార్డుగారు తల దించుకున్నారు. వినడం ఆయనవల్ల కాలేదు, బయటికి పోవడమూ ఆయనవల్ల కాలేదు.

"అమ్మాయ్, ఒక చెడ్డ కబురు. పుస్తకం పోయింది. పంపుతూంటే మధ్యలో చెరిగిపోయింది."

అవతలనుంచి ఎడిటరమ్మాయి గొంతు చాలా జాగ్రత్తగా వినబడింది. "మొత్తం పోయిందా టీచర్?"

"మొత్తం."

"ఎక్కడా ఇంకో కాపీ లేదు కదా?"

"లేదమ్మా. మావారి దగ్గర దేనికీ రెండో ప్రతి ఉండదు."

"నిజంగా? ఖాయంగా లేదు కదా?"

"లేదు."

"అమ్మయ్య!" అంది ఎడిటరమ్మాయి. అని, నాలుక కరుచుకుంది. కాని అప్పటికే ఆ మాట ఇవతలి గదిలో నలుగురి చెవుల్లోనూ పడింది. "అంటే, అది కాదు టీచర్. ఏమనుకోకండి. నేను మీ దగ్గర ఆర్నెల్లు నేర్చుకున్నాను. మీరు చెప్తూంటే నవ్వీ నవ్వీ చేతిలో కత్తెర జారిపోయేది. ఆ పుస్తకంలో మీరు ఒక్క చోట కూడా లేరు. చదువుతుంటే నాకేదో నోటీసు వచ్చినట్టుంది. ఎలా చెప్పాలో తెలీక నెలనుంచీ నిద్రలేదు. ఇవాళ వచ్చేస్తుందని పొద్దున్నించీ నాకు తలనొప్పి."

"మరి అచ్చులో చోటు?"

"అది వేరేవాళ్ళకిచ్చేస్తాను. మీకు మూడు నెలల తరవాత చోటు ఉంచుతాను, అది నా పూచీ. మీరు టైపు చెయ్యొద్దు, చేయించొద్దు. క్లాసులో చెప్పినట్టు ఫోనులో చెప్పి, ఆ మాటలే నాకు పంపండి. ఇక్కడ రాయించుకుంటాను. మీ మాట ఒక్కటీ మార్చను."

ఫోను పెట్టేశాక గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నర్సమ్మగారు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బావమరిది కాలిపోయిన పెట్టెను చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. రికార్డుగారు మెల్లగా భార్య వైపు తిరిగారు. ఆవిడ ఏడవడంలేదు. పదేళ్ళ పని గంగలో కలిసిన మనిషి మొహం అలా ఉండదు. బిగుతు చొక్కా విప్పేసిన మనిషిలా ఉంది.

"నీకూ నచ్చలేదా?" అని అడిగారు ఆయన.

ఆవిడ అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం చూసింది. చెప్పలేకపోయింది. "మొదటి రోజునుంచీ నచ్చలేదండీ."

"పదేళ్ళు ఎందుకు చెప్పలేదే?"

"ఎలా చెప్పను? సాయంత్రం అయ్యేసరికి స్నానం చేసి, కళ్ళజోడు తుడుచుకుని, పెట్టె ముందు కూర్చునేవారు. రిటైరయ్యాక మీరు అంత సంతోషంగా ఉండడం నేను ఇంకెప్పుడూ చూడలేదు. ఆ 'ఇందుమూలముగా' అని కొట్టేటప్పుడు మీ మొహం చూస్తే నోరు రాలేదు. పోనీలే, పుస్తకం ఎలా ఉంటేనేం, మనిషి బాగున్నాడు కదా అనుకున్నాను."

రికార్డుగారికి సిగ్గుపడాలో, ఏడవాలో, ఆవిడ చెయ్యి పట్టుకోవాలో తెలియలేదు. మూడూ కొంచెం కొంచెం చేశారు. తరువాత కుర్చీ ఒకటి తెచ్చి కుట్టుమిషను పక్కన వేసుకుని కూర్చున్నారు.

"కుట్టులోకి పోయే గుడ్డకి ఎన్ని వేళ్ళు వదలాలి?" అని అడిగారు.

"రెండు. ఎందుకు?"

"నాకు గుర్తు రాలేదు. చెప్పు, ఈసారి వింటాను."

ఆవిడ తమ్ముడి ఫోను తీసుకుని మిషను మీద పెట్టుకుంది. అది ఏదో అడిగింది. బావమరిది వేలు దానంతటదే ముందుకు వచ్చింది గాని, నర్సమ్మగారు ఆ చేతిని మధ్యలోనే పట్టుకున్నారు. కుట్టు టీచరు గొంతు సవరించుకుని, పాఠం మొదలుపెట్టింది. రికార్డుగారు రెండుసార్లు నోరు తెరవబోయి రెండుసార్లూ మూసుకున్నారు. మూడోసారి నవ్వు వచ్చి, ఆపుకోలేక, బయటికే నవ్వేశారు. ఆ నవ్వు కూడా ఫోనులోకి ఎక్కింది.

చెప్పినట్టే పుస్తకం వచ్చింది. మూడు నెలల్లో వస్తుందన్నది నాలుగు నెలలకు వచ్చింది. అంకితం పేజీలో ఇలా ఉంది: 'సమయానికి మెయిన్ స్విచ్ ఆపిన మా కింది ఇంటి నర్సమ్మగారికి.'

రికార్డుగారు కళ్ళజోడు తుడుచుకుని ముందు పేజీలు, వెనక పేజీలు అన్నీ తిరగేశారు. "నా పేరు ఎక్కడా లేదేం?" అన్నారు.

"పేరు పెడితే, ఏం చేశారో కూడా రాయాలి కదండీ" అంది కుట్టు టీచరు.

ఈ విషయమై రికార్డుగారు ఎటువంటి అభ్యంతరమూ నమోదు చేయలేదు.